తొలి దశ అన్నవాహిక క్యాన్సర్: ఆపరేషన్ లేకుండా రేడియేషన్‌తో నయమవుతుందా? డోర్నకల్ నుంచి ఈ వైద్యం ఎలా అందుకోవాలి?

ముద్ద మింగాక ఛాతీలో ఎక్కడో ఆగినట్టు అనిపిస్తుంది. గుక్కెడు నీళ్లు తాగితే దిగుతుంది. గ్యాస్ అనుకుని మెడికల్ షాపు నుంచి గోలీలు తెచ్చుకుంటారు. కొన్నాళ్లకు జొన్నరొట్టె మానేసి మెత్తటి అన్నానికి, ఆ తర్వాత అన్నం మానేసి జావకు దిగుతారు. అన్నవాహిక క్యాన్సర్‌తో పెద్దాసుపత్రికి చేరేవారిలో చాలామంది ఈ దారిలోనే వస్తారు. అప్పటికి జబ్బు తొలి దశ దాటిపోయి ఉంటుంది.

అదే జబ్బు ముందుగా బయటపడితే నయమయ్యే అవకాశాలు బాగా ఉంటాయి. కొందరికి ఛాతీ కోసే పెద్ద ఆపరేషన్ అవసరం లేకుండా రేడియేషన్, కీమోలతోనే వైద్యం పూర్తవుతుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. రేడియేషన్ ఒక్క రోజులో అయిపోయేది కాదు. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు, మధ్యలో మానకుండా తీసుకోవాలి. హైదరాబాద్‌లో ఉండేవారికే ఇది ఇబ్బంది. మహబూబాబాద్ జిల్లా డోర్నకల్ లాంటి చోటి నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి వచ్చేవారికి మరీ కష్టం.

మీరు నగరంలో ఉంటూ ఊళ్లో అమ్మానాన్నల వైద్యం గురించి ఆరా తీస్తున్నారా? ఈ చికిత్స ఎవరికి పనికొస్తుంది, ఎలా చేస్తారు, ఖర్చు ఎవరు భరిస్తారు, ప్రయాణంలో ఏ రాయితీలు ఉన్నాయన్నది ఒక్కొక్కటిగా చూద్దాం.

తొలి దశ అంటే ఏమిటి?

గొంతు నుంచి కడుపు దాకా సుమారు 25 సెంటీమీటర్ల పొడవుండే గొట్టమే అన్నవాహిక. దాని గోడలో పొరలు ఉంటాయి. లోపలి పొర జిగురు పొర. దాని కింద రక్తనాళాలు, లింఫ్ నాళాలు ఉండే పొర, ఆపైన కండరం.

క్యాన్సర్ జిగురు పొరకే పరిమితమైతే దాన్ని 'టీ1ఏ' అంటారు. కింది పొరలోకి దిగితే 'టీ1బీ', కండరాన్ని చేరితే 'టీ2'. లింఫ్ గ్రంథులకు పాకకుండా ఈ లోతుల్లోనే ఉన్నంతవరకు సాధారణంగా తొలి దశగా లెక్కిస్తారు.

చూడటానికి మిల్లీమీటర్ల తేడాయే అయినా చికిత్స మొత్తం దీని మీదే ఆధారపడుతుంది. జిగురు పొరలోనే ఉంటే లింఫ్ గ్రంథులకు పాకే అవకాశం చాలా తక్కువ. లింఫ్ నాళాలు ఉండే రెండో పొరలోకి దిగితే ఆ ముప్పు బాగా పెరుగుతుంది.

ఈ క్యాన్సర్‌లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. మన దేశంలో ఎక్కువగా కనిపించేది 'స్క్వామస్ సెల్' రకం. పొగాకు, మద్యం దీనికి ప్రధాన కారణాలు. బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా, వక్కతో కలిపి వేసుకునే పాన్ అన్నీ ఈ ఖాతాలోనే పడతాయి. పొగాకు, మద్యం రెండూ అలవాటున్న వారికి ముప్పు మరింత ఎక్కువ. 65 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడితో పానీయాలు తాగడం కూడా ఈ క్యాన్సర్‌కు కారణం కావచ్చని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో చెప్పింది. రెండో రకం 'అడినోకార్సినోమా'. ఇది అన్నవాహిక కింది భాగంలో, కడుపు దగ్గర వస్తుంది. ఏళ్ల తరబడి పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట, ఊబకాయం ఉన్నవారిలో దీని ముప్పు ఎక్కువ.

రేడియేషన్‌కు బాగా లొంగేది స్క్వామస్ రకం. అందుకే బయాప్సీ రిపోర్టులో ఏ రకమని రాశారో తప్పకుండా చూడాలి.

ముందే కనిపెట్టడం ఎందుకు కష్టం?

అన్నవాహిక సాగే గొట్టం. లోపల కణితి పెరుగుతున్నా చాలాకాలం సర్దుకుంటుంది. మింగడం కష్టమైందంటే దారి అప్పటికే బాగా ఇరుకైందని అర్థం.

ముప్పై ఏళ్లు దాటినవారికి ఆరోగ్య ఉపకేంద్రాలు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో చేసే ప్రభుత్వ క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు ఉన్నాయి. అన్నవాహిక క్యాన్సర్ ఆ జాబితాలో లేదు. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి వివరాలు రాసుకుని వెళ్లినా ఈ జబ్బు బయటపడదు. దీన్ని తొలి దశలో పట్టించేది ఎండోస్కోపీ ఒక్కటే.

కాబట్టి గుర్తుంచుకోవాల్సింది ఇది: నలభై ఏళ్లు దాటిన వారికి ముద్ద ఆగుతున్నట్టు రెండు మూడు వారాలుగా అనిపిస్తున్నా, మింగేటప్పుడు నొప్పిగా ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, గొంతు బొంగురు పోయి తగ్గకపోయినా గ్యాస్ గోలీలతో కాలం గడపొద్దు. 'ఎండోస్కోపీ చేయిస్తారా?' అని డాక్టర్‌ను నేరుగా అడగండి. పొగాకు, మద్యం అలవాటున్న వారైతే అసలే ఆలస్యం చేయొద్దు.

తొలి దశ అయితే అందరికీ రేడియేషనేనా?

కాదు. జబ్బు లోతును బట్టి, రోగి ఒంట్లో శక్తిని బట్టి దారి మారుతుంది.

జిగురు పొరకే పరిమితమైన చిన్న కణితిని ఎండోస్కోపీ ద్వారానే ఒలిచి తీసేయొచ్చు. కోత, కుట్లు ఉండవు. తీసిన ముక్కను పరీక్షించాక అనుకున్నదానికన్నా లోతుగా ఉందని తేలితే అప్పుడు ఆపరేషన్ గానీ, రేడియేషన్‌తో కీమో గానీ జోడిస్తారు.

కణితి రెండో పొరలోకో కండరంలోకో దిగితే సాధారణంగా మొదట ఆలోచించేది ఆపరేషన్. అన్నవాహికలో ఎక్కువ భాగం తీసేసి, కడుపును గొట్టంలా మలిచి పైకి లాగి కలుపుతారు. ఇది పెద్ద ఆపరేషన్. గుండె, ఊపిరితిత్తులు తట్టుకోగలగాలి.

రేడియేషన్‌తో కీమో కలిపి ఇచ్చే చికిత్సను ప్రధాన వైద్యంగా ఎంచుకునేది ముఖ్యంగా మూడు సందర్భాల్లో. ఒకటి, కణితి మెడ భాగంలో ఉన్నప్పుడు. అక్కడ ఆపరేషన్ చేస్తే స్వరపేటికను కూడా తీసేయాల్సి రావచ్చు. రెండు, వయసు వల్లో, గుండె, ఊపిరితిత్తుల జబ్బుల వల్లో ఆపరేషన్‌ను తట్టుకోలేనప్పుడు. మూడు, రెండు దారులూ వివరించాక రోగి ఆపరేషన్ వద్దనుకున్నప్పుడు.

కణితి కొంచెం ముదిరి ఉంటే ముందు రేడియేషన్, కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ చేసే పద్ధతి కూడా ఉంది. నెదర్లాండ్స్‌లో జరిగిన 'క్రాస్' అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాక ఇది ప్రపంచమంతా పాకింది. కేవలం ఆపరేషన్ చేయించుకున్న వారి సగటు జీవితకాలం 24 నెలలు ఉంటే, ముందుగా రేడియేషన్, కీమో తీసుకున్న వారిలో అది 49 నెలలకు పెరిగింది.

ఆపరేషన్ లేకుండా ఫలితం ఎలా ఉంటుంది?

ఈ ప్రశ్నకు తొలి దశ రోగుల విషయంలో సూటిగా జవాబిచ్చింది జపాన్. టీ1బీ దశ స్క్వామస్ క్యాన్సర్ రోగుల్లో కొందరు ఆపరేషన్‌ను, కొందరు రేడియేషన్‌తో కూడిన కీమోను ఎంచుకున్నారు. 2021లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం ఐదేళ్ల తర్వాత బతికి ఉన్నవారు ఆపరేషన్ గ్రూపులో 86.5 శాతం, రేడియేషన్ గ్రూపులో 85.5 శాతం. అంటే దాదాపు సమానం.

ఇందులో రెండు విషయాలు మరిచిపోకూడదు. ఎవరికి ఏ చికిత్స అన్నది లాటరీ తీసి నిర్ణయించలేదు, రోగులే ఎంచుకున్నారు. పైగా జబ్బు మళ్లీ కనిపించినవారు రేడియేషన్ గ్రూపులోనే ఎక్కువ. వారిని క్రమం తప్పకుండా పరీక్షిస్తూ వెంటనే ఎండోస్కోపీతోనో ఆపరేషన్‌తోనో వైద్యం చేయడం వల్లే ప్రాణాలు నిలిచాయి. అంటే రేడియేషన్ దారి ఎంచుకున్నవారు తర్వాతి పరీక్షలకు కూడా ఒప్పుకున్నట్టే.

రేడియేషన్ ఒక్కటే చాలదా, కీమో ఎందుకు అని కొందరు అడుగుతారు. కీమో మందు కణితిని రేడియేషన్‌కు మరింత లొంగేలా చేస్తుంది. అమెరికాలో 1990లలో వెలువడిన ఒక అధ్యయనంలో రెండూ కలిపి తీసుకున్నవారిలో ఐదేళ్లకు 26 శాతం మంది బతికి ఉన్నారు. రేడియేషన్ మాత్రమే తీసుకున్న గ్రూపులో ఒక్కరూ మిగల్లేదు. వారిలో తొలి దశ దాటినవారే ఎక్కువ కాబట్టి ఈ అంకెలను మీకు నేరుగా అన్వయించుకోవద్దు. కానీ కీమోను తట్టుకోగలిగితే రెండూ కలిపి తీసుకోవడమే మేలని అందరూ ఒప్పుకుంటున్నారు. కిడ్నీలు బాగోలేకో, మరీ బలహీనంగా ఉండో కీమో ఇవ్వలేకపోతేనే రేడియేషన్ ఒక్కటే ఇస్తారు.

'కరెంటు పెట్టడం' అంటే నిజంగా కరెంటేనా?

మన దగ్గర రేడియేషన్‌ను చాలామంది 'కరెంటు పెట్టడం' అంటారు. ఆ మాటతోనే సగం భయం పుడుతుంది. నిజానికి ఒంట్లోకి కరెంటు పంపరు, షాక్ కొట్టదు, కాల్చరు. లినియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం నుంచి శక్తిమంతమైన ఎక్స్‌రే కిరణాలు కణితి మీద పడతాయి. అవి క్యాన్సర్ కణాల డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. ఆ కణాలు విభజన చెందలేక క్రమంగా చచ్చిపోతాయి. మామూలు కణాలు కూడా దెబ్బతింటాయి కానీ మర్నాటికల్లా చాలావరకు కోలుకుంటాయి. అందుకే డోసు మొత్తం ఒకేసారి ఇవ్వకుండా రోజుకు కొంచెం చొప్పున పంచుతారు.

డోసును 'గ్రే'లలో కొలుస్తారు. అన్నవాహికకు ప్రధాన వైద్యంగా ఇచ్చేది సాధారణంగా 50 నుంచి 50.4 గ్రే. రోజుకు 1.8 లేదా 2 గ్రే చొప్పున 25 నుంచి 28 సిట్టింగులు. ఆపరేషన్‌కు ముందైతే డోసు కొంచెం తక్కువ, 23 సిట్టింగులు. డోసు బాగా పెంచితే ఇంకా మంచిదేమో అని అమెరికాలో 64.8 గ్రే దాకా ఇచ్చి చూశారు. అదనపు లాభం కనిపించలేదు.

మొదటి రోజే యంత్రం కిందికి పంపరు. ముందు సీటీ స్కాన్ తీసి, ఒంటి మీద చిన్న గుర్తులు పెడతారు. గుండె, ఊపిరితిత్తులు, వెన్నుపాము పక్కనే ఉంటాయి కాబట్టి వాటికి ఎంత తక్కువ తగలాలో కంప్యూటర్‌లో ప్లాన్ వేస్తారు. ఇందుకు కొన్ని రోజులు పడుతుంది. ఆ గుర్తులు చెరిగిపోకుండా చూసుకోవాలి.

తర్వాత రోజూ జరిగేది పది, పదిహేను నిమిషాల పని. నొప్పి ఉండదు. ఇంటికి వెళ్లాక పిల్లల్ని ఎత్తుకోవచ్చు, అందరితో కలిసి తినొచ్చు. బయటి నుంచి ఇచ్చే ఈ రేడియేషన్ ఒంట్లో మిగిలి ఉండదు, పక్కవారికి అంటదు.

మధ్యలో నాలుగు రోజులు మానేస్తే ఏమవుతుంది?

ఊరి నుంచి వచ్చేవారు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. పెళ్లి ఉందనో, వరి కోతలనో, 'మింగడం బాగానే ఉంది కదా' అనో పది సిట్టింగుల తర్వాత ఇంటికి వెళ్లిపోతుంటారు.

రేడియేషన్ మొదలయ్యాక మిగిలిన క్యాన్సర్ కణాలు మరింత వేగంగా పెరగడానికి ప్రయత్నిస్తాయి. విరామం ఇస్తే వాటికి ఊపిరి పోసినట్టే. తల, మెడ భాగాల్లో వచ్చే స్క్వామస్ క్యాన్సర్ల మీద జరిగిన అధ్యయనాల్లో, చికిత్స ఒక్కో రోజు సాగేకొద్దీ కణితి అదుపులోకి వచ్చే అవకాశం ఒక శాతానికి పైగా తగ్గుతుందని తేలింది. మానేసిన వారం తర్వాత వచ్చి అదే లెక్క పూర్తి చేసినా ఫలితం అంతే ఉండదు.

మింగుడు తేలికపడిందంటే కణితి కుంచించుకుపోయిందని అర్థం, చచ్చిపోయిందని కాదు. తప్పనిసరై ఒక రోజు పోతే వెంటనే రేడియేషన్ విభాగానికి చెప్పండి. ఆ నష్టాన్ని ఎలా పూడ్చాలో వారు చూస్తారు.

ఏ ఇబ్బందులు వస్తాయి?

రెండో, మూడో వారం నుంచి మింగేటప్పుడు మంట, నొప్పి మొదలవుతాయి. ముందు కన్నా ఎక్కువైందని భయపడతారు కానీ అది అన్నవాహిక లోపలి పొర పుండు పడటం వల్ల వచ్చేది. చికిత్స అయ్యాక కొన్ని వారాల్లో తగ్గుతుంది. నీరసం, ఆకలి తగ్గడం, ఛాతీ మీద చర్మం నల్లబడటం, కీమో వల్ల వాంతులు, రక్త కణాలు పడిపోవడం కూడా ఉంటాయి. జ్వరం వస్తే ఇంట్లో గోలీతో సరిపెట్టుకోకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

నెలల తర్వాత కొందరికి అన్నవాహిక మచ్చకట్టి ఇరుకవుతుంది. అప్పుడు ఎండోస్కోపీతో వెడల్పు చేస్తారు. ఊపిరితిత్తుల వాపు, గుండె మీద ప్రభావం కొద్దిమందిలో కనిపిస్తాయి.

ఈ ఐదారు వారాలు బరువు నిలబెట్టుకోవడం మందుతో సమానం. కారం, పులుపు, మరీ వేడివి మానాలి. రాగిజావ, మెత్తగా కలిపిన పెరుగన్నం, పప్పుకట్టు, గుడ్డు, పాలు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తీసుకోవాలి. అవీ దిగకపోతే ముక్కు ద్వారా గొట్టం వేస్తారు. గొట్టం అనగానే చివరి దశ అనుకోవద్దు. చికిత్స ఆగకుండా నడవడానికి వేసేదది. మంట తగ్గాక తీసేస్తారు. పొగాకు, మద్యం పూర్తిగా ఆపేయాలి.

డోర్నకల్ నుంచి ఎక్కడికి వెళ్లాలి?

మొదటి మెట్టు ఎండోస్కోపీ, బయాప్సీ. స్థానిక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి మహబూబాబాద్ ప్రభుత్వ ఆసుపత్రికి, అక్కడి నుంచి అవసరమైతే వరంగల్ ఎంజీఎంకు రెఫరల్ రాయించుకోవచ్చు. మహబూబాబాద్‌లో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది కాబట్టి స్పెషలిస్టుల కోసం మొదట అక్కడే అడగండి. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగాలున్నాయి.

క్యాన్సర్ అని తేలాక ప్రభుత్వ రంగంలో ప్రధాన చిరునామా హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. 1950లలో మొదలైన ఇది తెలంగాణ ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం. రేడియేషన్, కీమో, సర్జరీ విభాగాలు ఒకేచోట ఉంటాయి. పంజాగుట్టలోని నిమ్స్‌లోనూ రేడియేషన్ విభాగం ఉంది. రెండింటికీ మెట్రో ఎర్ర లైన్ దగ్గరే. ఎంఎన్‌జేకు లక్డీకాపూల్‌లో, నిమ్స్‌కు పంజాగుట్టలో దిగాలి.

జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు తెస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. అవి కీమో లాంటి వాటికి పనికొస్తాయి. రేడియేషన్‌కు మందపాటి కాంక్రీటు గోడల గది, ఖరీదైన యంత్రం, ఫిజిసిస్టు, అణుశక్తి నియంత్రణ సంస్థ అనుమతి కావాలి. కాబట్టి దానికి ప్రయాణం తప్పదు.

ఖర్చు ఎవరు భరిస్తారు?

రేడియేషన్, కీమో, క్యాన్సర్ ఆపరేషన్లు ఆరోగ్యశ్రీలో ఉన్నాయి. తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి ఉన్న 5 లక్షల రూపాయల పరిమితిని 2023 డిసెంబర్ 9 నుంచి 10 లక్షలకు పెంచారు. పథకం పరిధిలోని ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది. మొదట అక్కడికే వెళ్లండి. చికిత్స మొదలుకాకముందే అనుమతి తీసుకోవాలి. డబ్బు కట్టేశాక అడిగితే చిక్కులొస్తాయి. సందేహాలుంటే 104కు ఫోన్ చేయొచ్చు.

వెంట ఉండాల్సినవి ఇవి:

- ఆహార భద్రత కార్డు, రోగి ఆధార్
- ఎండోస్కోపీ, సీటీ స్కాన్ రిపోర్టులు, ఫిల్ములు లేదా సీడీ
- బయాప్సీ రిపోర్టుతో పాటు స్లైడ్లు, మైనం బ్లాకులు. ఇవి ఉంటే చాలాసార్లు మళ్లీ ముక్క తీయాల్సిన పని తప్పుతుంది
- ఇప్పటికే వాడుతున్న బీపీ, షుగర్, గుండె మందుల చీటీలు

డోర్నకల్ జంక్షన్ ఊరు కాబట్టి రైల్వే కుటుంబాలు ఎక్కువ. రైల్వే ఉద్యోగులు, వైద్య సదుపాయం ఉన్న పెన్షనర్లు సికింద్రాబాద్ లాలాగూడలోని దక్షిణ మధ్య రైల్వే కేంద్రీయ ఆసుపత్రి ద్వారా వెళ్లాలి. అవసరమైతే అక్కడి నుంచి క్యాన్సర్ ఆసుపత్రికి రెఫర్ చేస్తారు.

రైలు టికెట్‌లో రాయితీ ఉందా?

ఉంది. చాలామందికి తెలియక వాడుకోరు. చికిత్సకు గానీ, తర్వాతి పరీక్షలకు గానీ వెళ్లే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలో టికెట్ ధర మీద 100 శాతం రాయితీ. సెకండ్ క్లాస్, ఏసీ చెయిర్ కార్‌లో 75 శాతం. ఫస్ట్, సెకండ్ ఏసీలో 50 శాతం. తోడుగా వెళ్లే ఒకరికి కూడా రాయితీ ఉంటుంది. స్లీపర్, థర్డ్ ఏసీలో తోడువారికి 75 శాతం, మిగతా తరగతుల్లో రోగితో సమానం.

ఇందుకు రైల్వే నిర్ణయించిన నమూనాలో ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. దాన్ని రిజర్వేషన్ కౌంటర్‌లో చూపించి టికెట్ తీసుకోవాలి. ఫోన్‌లో టికెట్ బుక్ చేసి తర్వాత రాయితీ అడిగితే ఉపయోగం లేదు. మొదటిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడే సర్టిఫికెట్ అడిగి తెచ్చుకోండి.

తోడుగా వచ్చేది మహిళ అయితే మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులతో పాటు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ ప్రయాణం ఉచితం. రోజూ ఆసుపత్రికి తిరగడానికి ఇది అక్కరకొస్తుంది.

అయితే రాయితీ ఉంది కదా అని రోజూ డోర్నకల్ నుంచి వచ్చిపోవాలనుకోవద్దు. మూడో వారానికి రోగికి ఆ ఓపిక ఉండదు. ఐదారు వారాలు నగరంలో ఉండే ఏర్పాటు ముందే చేసుకోవాలి. బంధువుల ఇల్లు లేకపోతే వసతి గురించి ఆసుపత్రి సోషల్ వర్కర్‌ను మొదటి రోజే అడగండి. సొంతూరి పనులు ఎవరు చూసుకుంటారు, రోగితో ఏ వారం ఎవరు ఉంటారు అన్నది కుటుంబమంతా కూర్చుని రాసుకుంటే మధ్యలో మానే పరిస్థితి రాదు.

చికిత్స అయ్యాక?

ఫలితం చూడటానికి సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వారాలు ఆగి ఎండోస్కోపీ, స్కాన్ చేస్తారు. ఆ తర్వాత మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకోసారి పరీక్షలు ఉంటాయి. జబ్బు తిరగబెడితే ఎక్కువగా ఈ కాలంలోనే బయటపడుతుంది. అప్పటికప్పుడు పట్టుకుంటే ఇంకా చేయగలిగింది ఉంటుంది. రైల్వే రాయితీ ఈ ప్రయాణాలకూ వర్తిస్తుంది.

డాక్టర్‌ను ఏమేం అడగాలి?

ఓపీలో సమయం తక్కువ దొరుకుతుంది. ఈ ఐదు ప్రశ్నలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి.

1. ఇది స్క్వామస్ రకమా, అడినోకార్సినోమానా? ఎంత లోతుకు దిగింది? లింఫ్ గ్రంథులకు పాకిందా?
2. సర్జన్, రేడియేషన్ డాక్టర్, కీమో డాక్టర్ ముగ్గురూ కలిసి చూశారా?
3. ఎండోస్కోపీతో తీసేయడం కుదురుతుందా? ఆపరేషన్, రేడియేషన్ రెండింట్లో మా నాన్నకు లేదా అమ్మకు ఏది మంచిది, ఎందుకు?
4. రేడియేషన్ నయం చేయడానికి ఇస్తున్నారా, మింగుడు తేలిక చేయడానికా? ఎన్ని సిట్టింగులు? ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తుంది?
5. బరువు తగ్గితే, జ్వరం వస్తే, ఒక రోజు రాలేకపోతే ఎవరికి ఫోన్ చేయాలి?

నాలుగో ప్రశ్నను మాత్రం అస్సలు వదలొద్దు. ముదిరిన జబ్బులో ఉపశమనం కోసం ఐదు, పది సిట్టింగులే ఇస్తారు. పక్క బెడ్ మీద ఉన్నవారికి పదితో అయిపోయింది కదా అని మీవాళ్లు ఇంటికి బయల్దేరకుండా ఆపగలిగేది ఆ జవాబే. ముగిసే తేదీ తెలిస్తే సికింద్రాబాద్ నుంచి డోర్నకల్‌కు తిరుగు టికెట్ ఆ రోజుకే తీసుకోవచ్చు.

(ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చికిత్సపై నిర్ణయం మీ డాక్టర్ సలహా మేరకే తీసుకోండి.)